ఏ తుపాకీని నిషేధించాలి, అది ఎవరింట్లో ఉందో ఎలా తెలుస్తుంది?

కాలిఫోర్నియాలో తుపాకుల దుకాణానికి వెళ్తే ఏఆర్-15 రకం రైఫిళ్లలో కొన్ని కాస్త విచిత్రంగా కనిపిస్తాయి. పిడి దగ్గర చేప రెక్కలాంటి ప్లాస్టిక్ పలక బిగించి ఉంటుంది. దాంతో బొటనవేలిని పిడి చుట్టూ తిప్పి పట్టుకోవడం కుదరదు. భుజానికి ఆనించే వెనుక భాగాన్ని ముందుకూ వెనక్కూ జరపడానికి వీల్లేకుండా బిగించేస్తారు. గొట్టం చివర మంటను తగ్గించే తొడుగు ఉండదు. పక్కనున్న నెవాడాలో అదే రైఫిల్‌ను పలక లేకుండా, మామూలు పిడితో అమ్ముతారు. రెండింట్లోనూ తూటా ఒకటే, దాని వేగం ఒకటే, ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటా పేలడమూ ఒకటే. అయినా కాలిఫోర్నియాలో మొదటిది కొనుక్కోవచ్చు, రెండోది ఇంట్లో పెట్టుకుంటే జైలు.

ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే అమెరికా రాష్ట్రాల తుపాకీ చట్టాలు సగం అర్థమైనట్టే. మిగతా సగం రిజిస్ట్రేషన్. కాల్పుల వార్త వచ్చినప్పుడల్లా మన టీవీ చర్చల్లో 'అమెరికా తుపాకులను ఎందుకు నిషేధించదు' అనే ప్రశ్న వస్తుంది. నిజానికి పది దాకా రాష్ట్రాలు కొన్ని రకాల తుపాకుల అమ్మకాన్ని నిషేధించాయి. నిషేధిస్తూ చట్టం చేయడం వాళ్లకు పెద్ద కష్టమేం కాలేదు. ఏ తుపాకీని అని గీత గీయడం, అప్పటికే ఇళ్లలో ఉన్నవాటిని ఏం చేయాలో తేల్చడం, ఈ రెండే ముప్పై ఏళ్లకు పైగా వాళ్లను ముప్పుతిప్పలు పెడుతున్నాయి.

పేర్ల జాబితాతో మొదలు

1989 జనవరి 17న కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో ఒక ప్రాథమిక పాఠశాల ఆవరణలోకి ఒకడు ఏకే రకం రైఫిల్‌తో వచ్చి పిల్లల మీద కాల్పులు జరిపాడు. ఐదుగురు పిల్లలు చనిపోయారు. అందరూ కంబోడియా, వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాల వాళ్లే. ముప్పై మంది దాకా గాయపడ్డారు. హంతకుడు ఆ రైఫిల్ కొన్నది కాలిఫోర్నియాలో కాదు, పైనున్న ఒరెగాన్ రాష్ట్రంలో. రాష్ట్రాల చట్టాలన్నిటికీ ఉన్న పెద్ద లోపం ఆ మొదటి కేసులోనే బయటపడింది. చట్టం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, కారు ఆగదు.

నాలుగు నెలలు దాటగానే రాబర్టీ-రూస్ చట్టం వచ్చింది. సంతకం పెట్టిన గవర్నర్ జార్జ్ డ్యూక్‌మేజియన్ రిపబ్లికన్ పార్టీ మనిషి. ఇప్పటి రాజకీయాలు చూస్తున్నవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. ఆ చట్టం చేసిన పని సూటిగానే ఉంది: యాభైకి పైగా తుపాకులను కంపెనీ పేరుతో, మోడల్ పేరుతో రాసి 'అసాల్ట్ వెపన్స్' అని ప్రకటించింది. ఇకపై వీటిని అమ్మకూడదు, కొత్తగా కొనకూడదు. ఇప్పటికే ఉన్నవాళ్లు ఉంచుకోవచ్చు, కాకపోతే రాష్ట్ర న్యాయశాఖ దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి.

పేరు రాసి నిషేధిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కంపెనీలు పేర్లు మార్చేశాయి. చిన్నాచితకా భాగాలు సవరించి, కొత్త మోడల్ నంబర్ వేసి అదే తుపాకీని మళ్లీ దుకాణాల్లో పెట్టాయి. దాంతో పదేళ్లకు, 1999లో, కాలిఫోర్నియా పద్ధతి మార్చింది. పేరు ఏదైనా సరే, లక్షణాలను బట్టి నిర్ణయిస్తామంది. పొడవు తుపాకుల సంగతే తీసుకుంటే, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ దానంతటదే తర్వాతి తూటాను ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అయి, తూటాలు నింపే పెట్టెను, అంటే మ్యాగజైన్‌ను, ఊడదీసి మార్చుకునే వీలుండి, దానికి తోడు కింది లక్షణాల్లో ఒక్కటున్నా అది నిషిద్ధమే: కిందికి పొడుచుకొచ్చిన పిస్టల్ పిడి, ముందు భాగంలో ఇంకో పిడి, బొటనవేలు దూరే రంధ్రమున్న వెనుక భాగం, మడిచే లేదా జరిపే వెనుక భాగం, మంట తగ్గించే తొడుగు, గ్రెనేడ్ విసిరే అమరిక.

మొదట చెప్పిన ప్లాస్టిక్ పలక పుట్టింది ఇందుకే. పిడిని చుట్టూ పట్టుకునే వీలు లేకపోతే అది చట్టం చెప్పే 'పిస్టల్ పిడి' కాదు. మిగతా లక్షణాలు కూడా తీసేస్తే ఆ రైఫిల్ నిషేధం పరిధిలోకి రాదు.

1994లో కేంద్ర ప్రభుత్వం కూడా దేశమంతటికీ ఇలాంటి నిషేధమే తెచ్చింది. అందులో లక్షణాలు రెండుంటేనే నిషేధం. పది తూటాలకు మించి పట్టే కొత్త మ్యాగజైన్లను కూడా ఆపింది. రిజిస్ట్రేషన్ ఊసే లేదు. పదేళ్ల గడువుతో చేసిన చట్టం కాబట్టి 2004 సెప్టెంబర్ 13న దానంతటదే రద్దయిపోయింది. ఆ తర్వాత బరువంతా రాష్ట్రాల మీదే పడింది.

తూటా మొనతో నొక్కే బటన్

లక్షణాల పద్ధతిలోనూ సందులున్నాయి. అన్నిట్లోకీ పేరుమోసింది 'బుల్లెట్ బటన్'. 'ఊడదీయగల మ్యాగజైన్' అంటే ఏ పనిముట్టూ వాడకుండా ఊడేది అని కాలిఫోర్నియా నిబంధనల్లో రాశారు. తూటా కూడా పనిముట్టు కిందికే వస్తుందని ఆ నిబంధనల్లోనే ఉంది. అంతే, మ్యాగజైన్ వదిలే బటన్‌ను ఒక చిన్న గుంతలో పెట్టి తయారు చేశారు. వేలు లోపలికి దూరదు, తూటా మొన దూరుతుంది. దాంతో నొక్కితే మ్యాగజైన్ ఊడిపోతుంది. పనిముట్టు వాడారు కాబట్టి ఇది 'ఊడదీయగల మ్యాగజైన్' కాదు. అందువల్ల పిస్టల్ పిడి, మడిచే వెనుక భాగం అన్నీ ఉంచుకోవచ్చు. ఏళ్ల తరబడి ఇలాంటి రైఫిళ్లు చట్టబద్ధంగానే అమ్ముడుపోయాయి.

2015 డిసెంబర్ 2న శాన్ బెర్నార్డినోలో 14 మందిని కాల్చి చంపారు. మరుసటి ఏడాది గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకంతో ఆ సందు మూసుకుంది. బుల్లెట్ బటన్ రైఫిళ్లు కొత్తగా అమ్మడం ఆగింది. ఉన్నవాళ్లు 2018 వేసవిలోగా రిజిస్టర్ చేయించుకోవాలన్నారు.

రిజిస్ట్రేషన్ అంటే పేరూ నంబరూ రాసి పంపితే సరిపోదు. అంతా ఆన్‌లైన్‌లోనే. తుపాకీ కుడివైపు ఫోటో, ఎడమవైపు ఫోటో, బుల్లెట్ బటన్ దగ్గరి ఫోటో అప్‌లోడ్ చేయాలి. ఎప్పుడు కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు అనేవీ చెప్పాలి. 15 డాలర్ల ఫీజు. గడువు దగ్గర పడేసరికి సైట్ మొరాయించింది. మనకు పరీక్ష ఫలితాల రోజున సర్వర్ డౌన్ అవడం అలవాటే కానీ, ఇక్కడ ఫారం సబ్మిట్ కాకపోతే మర్నాటి నుంచి నేరస్థులే. కొందరు కోర్టుకెక్కారు. చివరికి 2022 మొదట్లో అలాంటివాళ్లకు మూడు నెలలు మళ్లీ అవకాశం ఇవ్వాల్సి వచ్చింది.

నా అభిప్రాయం చెప్పాలంటే, పిడి ఆకారాన్ని బట్టి తుపాకీ ప్రమాదాన్ని కొలవడం చట్టంలో చాలా బలహీనమైన భాగం. ఒకేసారి ఎన్ని తూటాలు పేల్చవచ్చో నిర్ణయించేది మ్యాగజైన్. దానికి పెట్టిన పది తూటాల పరిమితికి ఎక్కువ అర్థముంది, ఎందుకంటే మ్యాగజైన్ మార్చుకునే ఆ కొన్ని క్షణాల్లోనే జనం పారిపోవడమో, ఎదురు తిరగడమో సాధ్యమవుతుంది. ఇంకో సంగతీ ఉంది. అమెరికాలో తుపాకీ హత్యల్లో అత్యధికం మామూలు చేతి తుపాకులతో జరిగేవే, రైఫిళ్ల వాటా చాలా తక్కువ. రైఫిళ్ల నిషేధం ప్రధానంగా గుంపుల మీద జరిగే కాల్పులను దృష్టిలో పెట్టుకుని చేసింది. దాన్నుంచి మొత్తం హత్యలు తగ్గిపోవాలని ఆశించేవాళ్లూ, తగ్గలేదు కాబట్టి దండగ అనేవాళ్లూ ఇద్దరూ దాన్ని తప్పు కొలతతో కొలుస్తున్నారు.

ఎంతమంది చెప్పారు?

అమ్మకం ఆపడం ప్రభుత్వం చేతిలో పని. దుకాణాలకు లైసెన్సులుంటాయి, తనిఖీలుంటాయి. ఇంట్లో బీరువాలో ఉన్న తుపాకీ సంగతి వేరు. అది ఉందని యజమాని తనంతట తాను చెప్పాలి.

2012 డిసెంబర్ 14న కనెక్టికట్‌లోని శాండీ హుక్ స్కూల్లో 20 మంది చిన్నారులు, ఆరుగురు పెద్దవాళ్లు హతమయ్యారు. నెల తిరగ్గానే, 2013 జనవరి 15న, న్యూయార్క్ గవర్నర్ ఆండ్రూ క్యూమో సేఫ్ చట్టంపై సంతకం చేశారు. ఒక్క లక్షణమున్నా నిషేధం, ఉన్నవాటికి 2014 ఏప్రిల్ 15లోగా రిజిస్ట్రేషన్. ఎంతమంది చేయించుకున్నారో రాష్ట్రం చాలాకాలం చెప్పలేదు. కోర్టు ఆదేశంతో 2015లో లెక్క బయటికొచ్చింది: దాదాపు 24 వేల మంది, 44 వేల పైచిలుకు తుపాకులు. న్యూయార్క్‌లో అలాంటి తుపాకులు పది లక్షల దాకా ఉండొచ్చని తుపాకీ పరిశ్రమ వర్గాల అంచనా. ఆ అంచనాలో అతిశయం ఉందనుకున్నా, నమోదైనవి చాలా తక్కువని అర్థమవుతూనే ఉంది. ఇంతకంటే చాలా చిన్న రాష్ట్రమైన కనెక్టికట్‌లో దాదాపు 50 వేలు నమోదయ్యాయి.

ఇల్లినాయి సంగతి ఇంకా స్పష్టం. 2022 జులై 4న షికాగో పక్కనున్న హైలాండ్ పార్క్‌లో స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపు మీద కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. 2023 జనవరి 10న గవర్నర్ జె.బి. ప్రిట్జ్‌కర్ కొత్త చట్టంపై సంతకం పెట్టారు. ఆ క్షణం నుంచే అమ్మకాలు బంద్. ఉన్నవాళ్లు 2024 జనవరి 1లోగా తుపాకీ మోడల్, సీరియల్ నంబర్ రాసి రాష్ట్ర పోలీసులకు ఆన్‌లైన్‌లో అఫిడవిట్ ఇవ్వాలి. ఇల్లినాయిలో 1968 నుంచే తుపాకీ కొనాలంటే 'ఫోయిడ్' కార్డు ఉండాలి. అలా కార్డున్నవాళ్లు 24 లక్షల మంది. గడువు నాటికి అఫిడవిట్ ఇచ్చినవాళ్లు 29 వేలు దాటి కాస్త. అంటే వందకు ఒకరి కంటే కొంచెం ఎక్కువ. కార్డున్న ప్రతివాళ్ల దగ్గరా నిషిద్ధ రకం ఉండదు నిజమే, కానీ ఇంత తక్కువగానూ ఉండదు. చాలా కౌంటీల (మన జిల్లాల లాంటివి) షెరీఫ్‌లు, అంటే అక్కడి పోలీసు అధిపతులు, ఈ చట్టం అమలు కోసం ఇళ్ల తలుపు తట్టబోమని బహిరంగంగానే చెప్పేశారు. షెరీఫ్ అక్కడ ఎన్నికై వచ్చే పదవి అని గుర్తుంచుకుంటే వాళ్ల ధైర్యం ఎక్కడిదో తెలుస్తుంది.

ఇవి చూశాకే కాబోలు, వాషింగ్టన్ రాష్ట్రం 2023 ఏప్రిల్ 25న చట్టం చేసినప్పుడు అమ్మకం, తయారీ, దిగుమతులను మాత్రమే నిషేధించి, రిజిస్ట్రేషన్ జోలికి పోలేదు.

చెప్పడానికి భయం దేనికి?

లిస్టులో పేరెక్కితే రేపు ఇంటికొచ్చి లాక్కుపోతారన్నది తుపాకీ యజమానుల వాదన. దీన్ని పిచ్చి భయమని కొట్టిపారేయడం తేలిక. కానీ దానికి కొంత చరిత్ర ఉంది. ఎస్‌కేఎస్ స్పోర్టర్ అనే రైఫిల్ విషయంలో కాలిఫోర్నియా అధికారులే ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చెప్పారు. చివరికి అది నిషిద్ధమేనని తేల్చి, ఒక్కోదానికి 230 డాలర్లు ఇచ్చి వెనక్కి తీసుకునే చట్టం చేశారు. అధికారుల మాట నమ్మి కొన్నవాళ్లు, ఉంచుకున్నవాళ్లు నోరెళ్లబెట్టారు. తుపాకుల సంఘాలు ఆ కథను ఇప్పటికీ చెప్పుకుంటాయి.

ఇంకోటి, సమాచారం బయటికి పొక్కడం. 2022 జూన్‌లో కాలిఫోర్నియా న్యాయశాఖ కొత్తగా పెట్టిన వెబ్ పోర్టల్ నుంచి, దాచి మోసుకెళ్లే తుపాకీ పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టుకున్న లక్షా 90 వేల మందికి పైగా వ్యక్తుల పేర్లు, చిరునామాలు బయటపడ్డాయి. ప్రభుత్వం దగ్గర జాబితా ఉంటే భద్రంగానే ఉంటుందన్న మాటకు అది కోలుకోలేని దెబ్బ.

ఈ భయం కేంద్ర చట్టంలోకి కూడా ఎక్కింది. దేశవ్యాప్త తుపాకుల రిజిస్టర్ పెట్టకూడదని 1986 చట్టంలో రాసేశారు. మెషిన్ గన్‌లు, సైలెన్సర్‌ల వంటి కొన్నిటికి మాత్రం 1934 నుంచి రిజిస్ట్రేషన్ ఉంది. మామూలు తుపాకీ కొన్నప్పుడు కొనేవాడి గురించి ఎఫ్‌బీఐ తనిఖీ చేస్తుంది కానీ, సరేనన్నాక ఆ వివరాలను 24 గంటల్లోగా చెరిపేయాలి. కొన్నవాడు నింపిన ఫారం దుకాణంలోనే ఉంటుంది. హత్య జరిగిన చోట తుపాకీ దొరికితే, అధికారులు ముందు తయారీ కంపెనీకి ఫోన్ చేయాలి. అక్కణ్ణుంచి హోల్‌సేల్ వ్యాపారి, అక్కణ్ణుంచి దుకాణం. దుకాణం మూతపడి ఉంటే దాని కాగితాలు వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌కు చేరి ఉంటాయి. అక్కడ అట్టపెట్టెల నిండా ఫారాలు, మైక్రోఫిల్ములు. వాటిని స్కాన్ చేయొచ్చు, పేరు కొట్టి వెతికే వీలు మాత్రం ఉండకూడదు. మనుషులు కూర్చుని ఒక్కో పేజీ తిప్పుకుంటూ వెతుకుతారు. చట్టం ప్రకారమే అలా ఉంది, డబ్బుల్లేక కాదు.

మన దగ్గర ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సున్న తుపాకులు పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. హైదరాబాద్ అయినా అనంతపురం అయినా అదొక మామూలు తంతు. పోలీసుల దగ్గర జాబితా ఉంది కాబట్టే అది సాధ్యం. 1959 ఆయుధాల చట్టం కింద ముందు లైసెన్సు, తర్వాతే తుపాకీ. మూడు తుపాకుల పరిమితిని 2019లో రెండుకు తగ్గించినప్పుడు కూడా మూడోది ఎవరి దగ్గరుందో రికార్డుల్లోనే ఉంది. నాటు తుపాకుల సంగతి వేరనుకోండి. అమెరికాలో తుపాకీ హక్కు రాజ్యాంగంలో ఉంది, జాబితా కేంద్రం దగ్గర లేదు.

అయితే జాబితా తయారు చేయడానికి ఇంకో దారుంది, నా దృష్టిలో అదే పనికొచ్చేది. యజమాని వచ్చి చెప్పేదాకా ఆగకుండా, అమ్మేటప్పుడే రికార్డు రాసుకోవడం. కాలిఫోర్నియాలో చేతి తుపాకుల అమ్మకాల రికార్డు రాష్ట్రం దగ్గర ఎప్పటినుంచో ఉంది. 2014 జనవరి 1 నుంచి రైఫిళ్లవీ ఉంటున్నాయి. వ్యక్తులు ఒకరికొకరు అమ్ముకున్నా దుకాణం ద్వారానే జరగాలి. ఈ రికార్డుతో ఏం చేస్తారంటే, తుపాకీ కొన్నాక ఎవరికైనా శిక్ష పడినా, గృహహింస కేసులో కోర్టు ఆంక్ష పెట్టినా, ఆ పేరును కంప్యూటర్ పట్టుకుంటుంది. ఏజెంట్లు వెళ్లి తుపాకీ తెచ్చేస్తారు. పట్టుకోవడం వేగంగా జరుగుతుంది, వెళ్లి తేవడమే ఆలస్యం. ఆ జాబితాలో 20 వేల మందికి పైగా పెండింగ్‌లో ఉంటూ వచ్చారు. ఎన్ని లోపాలున్నా, రిజిస్టర్ అనేదానికి నిజమైన ప్రయోజనం ఇక్కడే కనబడుతుంది: రైఫిల్ పిడి ఆకారం ఏదన్న గొడవ లేదు, అది ఇప్పుడు ఎలాంటివాడి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

అక్కడున్న మనవాళ్లకు

టెక్సస్‌లో ఉండేటప్పుడు షూటింగ్ రేంజ్‌కు అలవాటుపడి ఏఆర్-15 కొనుక్కుని, తర్వాత బే ఏరియాలో ఉద్యోగం వస్తే సామానుతోపాటు దాన్నీ ట్రక్కులో వేసుకొస్తే నేరం. ముందే ప్రత్యేక పర్మిట్ లేకుండా అలాంటిది కాలిఫోర్నియాలోకి తేకూడదు. పది తూటాలు దాటి పట్టే మ్యాగజైన్లూ తేకూడదు. మిగతా తుపాకుల గురించి వచ్చిన 60 రోజుల్లో రాష్ట్రానికి తెలియజేయాలి. ఎప్పుడో రిజిస్టర్ అయిన అసాల్ట్ రైఫిల్ కూడా తండ్రి నుంచి కొడుక్కి అలా వచ్చేయదు. 90 రోజుల్లోగా పర్మిట్ తెచ్చుకోవడమో, డీలర్‌కు అమ్మడమో, రాష్ట్రం దాటించడమో, పనికిరాకుండా చేయడమో జరగాలి.

వీటన్నిటికంటే ముందుది వీసా. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్నే కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ అడ్డంకి లేదు. స్నేహితుడు కొన్నాడు కదా అని వాడిది ఇంట్లో పెట్టుకోవడం కూడా 'దగ్గర ఉంచుకోవడం' కిందికి వచ్చే ప్రమాదముంది. ఇమిగ్రేషన్ ఫైలుకు అంతకంటే పెద్ద టెన్షన్ ఇంకోటుండదు.

కోర్టుల దగ్గర

2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు తుపాకీ వ్యక్తిగత హక్కు అని తేల్చింది. సాధారణంగా జనం వాడుకలో ఉన్న ఆయుధాలకు ఆ రక్షణ ఉంటుందని, 'ప్రమాదకరమైన, అసాధారణ' ఆయుధాలకు ఉండదని చెప్పింది. ఏఆర్-15 ఏ గుంపులోకి వస్తుందన్నదే అప్పటినుంచి పేచీ. దేశంలో లక్షల మంది దగ్గరున్నది అసాధారణం ఎలా అవుతుందని ఒక వర్గం. సైన్యం వాడే ఎం-16కు తోబుట్టువు లాంటిదానికి ఇళ్లలో ఏం పనని ఇంకో వర్గం. 2022లో బ్రూయెన్ తీర్పు మెలిక ఇంకాస్త బిగించింది. ఆంక్ష మంచిదా కాదా అని చూడకూడదు, దేశ చరిత్రలో అలాంటి ఆంక్షకు పోలిక ఉందో లేదో చూడాలంది. దాంతో జడ్జీలు పాత చట్టాలు తవ్వడం మొదలుపెట్టారు.

ఫలితం ఒక్కో కోర్టులో ఒక్కోలా వచ్చింది. కాలిఫోర్నియా నిషేధాన్ని జడ్జి రోజర్ బెనిటెజ్ 2021లో ఒకసారి, 2023లో మరోసారి కొట్టేశారు. పైకోర్టు ఆ తీర్పులను అమలు కాకుండా ఆపింది. ఇల్లినాయి చట్టాన్ని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3 తేడాతో నిలబెట్టింది. ఫెడరల్ జడ్జి ఒకరు 2024 నవంబర్‌లో కొట్టేశారు, అది కూడా అప్పీలులో ఆగింది. మేరీలాండ్ నిషేధం మీద స్నోప్ కేసును విచారణకు తీసుకోబోమని 2025 జూన్ 2న సుప్రీంకోర్టు చెప్పింది. ముగ్గురు జడ్జీలు తీసుకోవాలన్నారు, నాలుగో ఓటు రాలేదు. నాలుగు ఓట్లుంటే చాలు, కేసు విచారణకు వస్తుంది.

ఆ నాలుగో ఓటు వేయని సుప్రీంకోర్టు జడ్జి బ్రెట్ కవానా విడిగా ఒక నోట్ రాశారు. ఒకటి రెండు టర్ముల్లో (టర్మ్ అంటే కోర్టు ఏడాది) ఈ ప్రశ్నను కోర్టు చేపట్టాల్సిందేనని అందులో అన్నారు. ఆయన మనసులో ఏముందో పెద్దగా ఊహించనక్కర్లేదు. 2011లో వాషింగ్టన్ డీసీ అప్పీళ్ల కోర్టులో ఉండగా ఇలాంటి కేసులోనే ఆయన అసమ్మతి తీర్పు రాశారు. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల నిషేధం చెల్లదన్నారు. నగరం పెట్టిన తుపాకుల రిజిస్ట్రేషన్ కూడా చెల్లదని అందులోనే రాశారు.